మిణుగురుల ఇన్‌స్టలేషన్: నాయకుడు లేని గుంపును కట్టడం ఎలా

సీరియల్ సెట్ ఒకటి తెచ్చి చెట్టుకు చుట్టేస్తే బల్బులన్నీ ఒకేసారి వెలిగి ఒకేసారి ఆరతాయి. దానికి 'మిణుగురులు' అని పేరు పెట్టి ఎగ్జిబిషన్‌లో పెట్టడం కష్టమేమీ కాదు. చూడ్డానికీ బాగుంటుంది. కాకపోతే అక్కడ గుంపంటూ ఏమీ లేదు. వంద బల్బులున్నా ఎప్పుడు వెలగాలో చెప్పేది ఒక్క కంట్రోలరే.

మనం కట్టబోయేది వేరే రకం. ఇందులో ప్రతి దీపానికీ సొంత గడియారం ఉంటుంది, సొంత కన్ను ఉంటుంది. పక్కన ఏదైనా వెలిగితే చూసి తన గడియారాన్ని కొంచెం ముందుకు జరుపుకుంటుంది. అంతకు మించి దానికేమీ తెలియదు. స్విచ్ వేసిన కొత్తలో అన్నీ ఇష్టమొచ్చినట్టు మిణుకుమంటాయి. తర్వాత అక్కడో జంట, ఇక్కడో జట్టు కలుస్తాయి. కాసేపటికి గదంతా ఒకే లయలో పడుతుంది. ఆ లయ ఎవరూ చెప్పకుండానే పుట్టడం చూడ్డానికే ఈ కష్టమంతా. అందుకని పని ఏ దశలో ఉన్నా ఒక్క పట్టుదల వదలొద్దు: సులువు కోసం మధ్యలో ఒక మాస్టర్ కంట్రోలర్ పెట్టుకోకూడదు. సగం పనయ్యాక, ఓపెనింగ్ దగ్గర పడ్డాక, ఆ ఆలోచన తప్పకుండా వస్తుంది.

కాస్త సోల్డరింగ్ తెలిసి, ఆర్డుయినోతో ఒక ఎల్‌ఈడీ వెలిగించిన అనుభవం ఉంటే చాలు. ఫైన్ ఆర్ట్స్ వాళ్లయితే ఒక ఈసీఈ స్నేహితుణ్ని పట్టుకోండి. ఈసీఈ వాళ్లయితే, దయచేసి, ఒక ఫైన్ ఆర్ట్స్ స్నేహితుణ్ని పట్టుకోండి.

ముందు పురుగుల సంగతి

అన్ని మిణుగురులూ కలిసి వెలగవు. చాలా జాతుల్లో దేని దారి దానిదే. కలిసి వెలిగేవాటిలో బాగా పేరున్నవి ఆగ్నేయాసియాలోని టెరాప్టిక్స్ జాతులు. నది ఒడ్డు మడచెట్ల మీద గుంపులుగా చేరి, చెట్టు చెట్టంతా ఒక్కసారే మెరుస్తాయి. మలేషియాలోని కువాలా సెలంగోర్ దగ్గర పడవల్లో వెళ్లి వీటిని చూస్తారు. అమెరికాలో టెనసీ వైపు ఉండేవాళ్లకు గ్రేట్ స్మోకీ మౌంటెన్స్ పార్కు ఉంది. అక్కడి ఫొటైనస్ కరోలైనస్ జాతి మే ఆఖరు, జూన్ మొదటి వారాల్లో వరసగా కొన్ని మెరుపులు మెరిసి, కొన్ని సెకన్లు చీకటైపోయి, మళ్లీ మొదలెడుతుంది. జనం ఎక్కువై లాటరీ పద్ధతిలో పాసులు ఇస్తున్నారు. మనకు దగ్గర్లో అయితే తమిళనాడులోని ఆనమలై అడవుల్లో కలిసి వెలిగే మిణుగురులు ఉన్నాయి.

దీన్ని చాలాకాలం శాస్త్రవేత్తలే నమ్మలేదు. 1917లో 'సైన్స్' పత్రికకు రాసిన ఉత్తరంలో ఫిలిప్ లారెంట్ అనే ఆయన, మిణుగురులు కలిసి వెలగడం తాను చూసినట్టు అనిపించిందనీ, అది తన కనురెప్పల ఆట తప్ప మరేం కాదనీ తేల్చేశాడు. ఆ తర్వాత 1960ల్లో జాన్ బక్, ఎలిజబెత్ బక్ దంపతులు థాయ్‌లాండ్‌లో పట్టిన మిణుగురుల్ని తెచ్చి బ్యాంకాక్‌లో తమ హోటల్ గదిలో వదిలారు. చీకట్లో గోడల మీద వాలిన పురుగులు మొదట రెండూ మూడూ జతకట్టాయి, తర్వాత ఆ చిన్న జట్లు పెద్దవయ్యాయి. మనకు పనికొచ్చే సంగతి ఇక్కడుంది. అడవి అక్కర్లేదు, చీకటి గది చాలు. లయ ఒక మూల చిన్నగా పుట్టి అక్కణ్నుంచి పాకుతుంది తప్ప, ఎక్కడా ఎవరూ ఆజ్ఞ ఇవ్వరు.

1990లో రెనాటో మిరోల్లో, స్టీవెన్ స్ట్రొగాట్జ్ దీన్ని గణితంలో నిరూపించారు. అన్నీ అన్నింటినీ చూస్తూ ఒకే వేగంతో నడిచే గడియారాలు, ఒకదాని మెరుపు చూసి ఇంకొకటి, వెలగడానికి దగ్గరపడిన కొద్దీ కొంచెం ఎక్కువగా, ముందుకు దూకితే చాలు, దాదాపు ఎలా మొదలుపెట్టినా చివరికి అన్నీ కలుస్తాయి. కింద మనం రాసుకునే నియమం దాని తేలిక రూపమే.

సోల్డరింగ్‌కు ముందు చప్పట్లు

ఏమీ కొనకముందే ఈ ఆట ఆడండి. పదిమందిని కూర్చోబెట్టి లైట్లు ఆర్పేయండి. ప్రతివాళ్లూ తమకు తోచిన వేగంతో, నిదానంగా చప్పట్లు కొట్టాలి. పక్కవాళ్ల చప్పుడు వినబడితే తమ తర్వాతి చప్పట్టు కొంచెం ముందుకు తెచ్చుకోవాలి. లెక్క పెట్టకూడదు, "వన్ టూ త్రీ" అనకూడదు. మన కోలాటంలో గురువు చిడతలు మోగించి లయ ఇస్తాడు, మిగతావాళ్లు అందుకుంటారు. ఇక్కడ ఆ గురువును తీసేసి కోలాటం ఆడమంటున్నాం. ఎవరో ఒకరు తెలియకుండానే గురువైపోతారు, వాళ్లను పట్టుకుని మళ్లీ ఆడించండి.

కాసేపటికి కలుస్తుంది. అప్పుడు రెట్టింపు వేగంతో కొట్టమనండి, చెదిరిపోతుంది. రుమేనియా, హంగరీ నాటకశాలల్లో ప్రేక్షకుల చప్పట్లు రికార్డు చేసి 2000లో 'నేచర్‌'లో ప్రచురించిన పరిశోధన కూడా ఇదే చూపించింది. జనం తమ వేగాన్ని దాదాపు సగానికి తగ్గించుకున్నప్పుడే చప్పట్లు ఒకే తాళంలోకి వచ్చాయి, వేగం పెంచగానే విడిపోయాయి. అందుకే మన దీపాలకు మెరుపుకూ మెరుపుకూ మధ్య ఒకటిన్నర సెకను గడువు పెట్టుకుందాం. టెరాప్టిక్స్ మలాక్కే అనే జాతి ఇంచుమించు అర సెకనుకోసారి మెరుస్తుంది కానీ, ఆ వేగం మన సెన్సర్లు తట్టుకోవు, చూసేవాళ్ల కళ్లూ అలసిపోతాయి.

సామాను

హైదరాబాద్ వాళ్లకు కోఠి గుజరాతీ గల్లీ ఉండనే ఉంది. మిగతా ఊళ్లవాళ్లు ఆన్‌లైన్‌లో తెప్పించుకోవచ్చు. మనం చేయబోయేది యాభై యూనిట్లు. ఒక్కో యూనిట్‌కు, అంటే ఒక్కో దీపానికి, కావాల్సినవి:

- ఏటీటైనీ85 చిప్ (ప్రోగ్రామ్ ఎక్కించుకునే చిన్న మైక్రోకంట్రోలర్), దానికి 8 పిన్నుల ఐసీ బేస్
- ఆకుపచ్చ-పసుపు రంగు 5 ఎంఎం ఎల్‌ఈడీ, హై బ్రైట్ రకం
- మూడు ఎల్‌డీఆర్‌లు (వెలుగు పడితే నిరోధం తగ్గే సెన్సర్లు, దీపానికి కళ్లు ఇవే)
- 330 ఓమ్స్ రెసిస్టర్ ఒకటి, 10కే రెసిస్టర్ ఒకటి. 47కే, 100కే కూడా కొన్ని తెచ్చి పెట్టుకోండి
- 100 మైక్రోఫారడ్ కెపాసిటర్, ఒక 104 కెపాసిటర్
- చిన్న జీరో బోర్డు ముక్క

మొత్తానికి కలిపి ప్రోగ్రామ్ ఎక్కించడానికి ఒక ఆర్డుయినో ఊనో, 5 వోల్టుల 3 ఆంపియర్ల ఎస్‌ఎంపీఎస్ (పవర్ సప్లయ్), నైలాన్ దారం, వెల్డ్ మెష్ (ఇనుప జాలీ) కావాలి. చిప్పే ఖరీదు, మిగతావన్నీ చిల్లర లెక్క. ఐసీ బేస్ దగ్గర మాత్రం డబ్బులు మిగుల్చుకోవద్దు. ప్రోగ్రామ్ మార్చాల్సి వచ్చిన ప్రతిసారీ చిప్ ఊడదీసి పెట్టాలి. బోర్డు మీద నేరుగా సోల్డర్ చేస్తే యాభై యూనిట్లూ చెత్తబుట్ట పాలే.

ఎల్‌డీఆర్ పాతకాలం వస్తువు, ఫొటో ట్రాన్సిస్టర్ వేగంగా పనిచేస్తుంది కదా అని ఎవరైనా అంటారు. నిజమే. కానీ ఆ వేగమే ఇక్కడ తంటా. మన కరెంటు 50 హెర్ట్జ్‌ది కాబట్టి మామూలు బల్బు, పాత ట్యూబ్‌లైటు సెకనుకు 100 సార్లు మినుకుతాయి. ఫొటో ట్రాన్సిస్టర్ ఆ మినుకులన్నీ చూసి కంగారుపడుతుంది. ఎల్‌డీఆర్‌కు వెలుగు తెలియడానికే కొన్ని పదుల మిల్లీసెకన్లు పడుతుంది కాబట్టి వాటిని పట్టించుకోదు. రంగు విషయం కూడా కలిసొచ్చింది. మామూలు క్యాడ్మియం సల్ఫైడ్ ఎల్‌డీఆర్‌కు 540 నానోమీటర్ల చుట్టుపక్కల, అంటే ఆకుపచ్చ దగ్గర, చూపు బాగా ఆనుతుంది. ఎర్రవీ నీలంవీ కొంటే అందంగా వెలుగుతాయి గానీ ఒకదానికొకటి సరిగ్గా కనబడవు.

ఒక యూనిట్ చేయడం

చిప్ మీద చిన్న చుక్క ఉన్నవైపు మొదటి పిన్. 8వ పిన్‌కు ప్లస్, 4వ పిన్‌కు మైనస్. 5వ పిన్ నుంచి 330 ఓమ్స్ రెసిస్టర్ మీదుగా ఎల్‌ఈడీకి, అక్కణ్నుంచి మైనస్‌కు. మూడు ఎల్‌డీఆర్‌లను ప్యారలల్‌గా కలిపి ప్లస్‌కూ 7వ పిన్‌కూ మధ్య పెట్టండి. అదే 7వ పిన్ నుంచి 10కే రెసిస్టర్‌ను మైనస్‌కు కలపండి. కెపాసిటర్లు రెండూ చిప్‌కు వీలైనంత దగ్గరగా, ప్లస్ మైనస్‌ల మధ్య. యాభై ఎల్‌ఈడీలు ఒకేసారి వెలిగినప్పుడు లైన్‌లో వోల్టేజీ కొంచెం కుంగుతుంది, ఆ కుదుపు చిప్‌కు తగలకుండా ఇవి కాస్తాయి.

ఎల్‌డీఆర్ కాళ్లు పొడుగ్గానే ఉంచి, మూడింటినీ మూడు దిక్కులకు వంచండి. కాలికి కాలు తగలకుండా స్లీవ్ తొడగండి. ఎల్‌ఈడీ కిందికి చూడాలి. యూనిట్ తన వెలుగు తానే చూసి మోసపోదా అన్న అనుమానం అందరికీ వస్తుంది. ఆ సంగతి ప్రోగ్రామ్ చూసుకుంటుంది, అడ్డుగోడలు కట్టనక్కర్లేదు.

ఇప్పుడు మల్టీమీటర్ తీయండి. షో జరిగే రోజు ఎంత చీకటి ఉంటుందో గదిలో అంత చీకటి చేసి, 7వ పిన్ దగ్గర వోల్టేజీ చూడండి. 1 నుంచి 1.5 వోల్టుల మధ్య ఉంటే బాగుంటుంది. అంతకన్నా బాగా తక్కువుంటే 10కే తీసి 47కే పెట్టండి, అదీ చాలకపోతే 100కే. పక్కన ఎల్‌ఈడీ వెలిగించినప్పుడు ముల్లు, లేదా అంకె, స్పష్టంగా లేవాలి. పని సగం తెమిలేది ఇక్కడే. చాలామంది పట్టపగలు టేబుల్ మీద సెట్ చేసుకుని, రాత్రి గదిలో పెట్టాక పనిచేయడం లేదని తల పట్టుకుంటారు.

పైతొడుగు మీ ఇష్టం. టేబుల్ టెన్నిస్ బంతికి రంధ్రం చేసి ఎల్‌ఈడీకి తొడిగితే వెలుగు గుండ్రంగా పరుచుకుంటుంది. బటర్ పేపర్ పొట్లం చుట్టినా బాగుంటుంది, తాటాకుతో అల్లిన చిన్న బుట్టలో పెట్టినా బాగుంటుంది. రెక్కలూ కాళ్లూ పెట్టి ప్లాస్టిక్ పురుగు బొమ్మ మాత్రం చేయొద్దని నా మనవి. జనం బొమ్మనే చూస్తారు, లయను చూడరు.

నియమం

ఆర్డుయినో ఊనోను ప్రోగ్రామర్‌గా పెట్టి ఏటీటైనీ85లోకి ప్రోగ్రామ్ ఎక్కించే పద్ధతి నెట్‌లో ఎక్కడైనా దొరుకుతుంది. క్లాక్ 8 మెగాహెర్ట్జ్ ఎంచుకుని ఒకసారి 'బర్న్ బూట్‌లోడర్' నొక్కడం మర్చిపోవద్దు. కొత్త చిప్ 1 మెగాహెర్ట్జ్ మీద వస్తుంది. మీ దీపం అనుకున్నదానికన్నా ఎనిమిది రెట్లు నిదానంగా వెలుగుతోందంటే కారణం అదే.

ప్రోగ్రామ్‌లో చిప్ చేయాల్సింది ఇంతే:

1. సున్నా నుంచి మిల్లీసెకనుకు ఒకటి చొప్పున లెక్కపెట్టు.
2. లెక్క 1500కు చేరగానే ఎల్‌ఈడీ వెలిగించు, లెక్కను మళ్లీ సున్నా చెయ్యి. మెరుపు 150 నుంచి 200 మిల్లీసెకన్లు ఉండాలి. గభాల్న వెలిగి మెల్లగా ఆరాలి.
3. వెలిగిన క్షణం నుంచి 400 మిల్లీసెకన్లు కన్ను మూసుకో. ఆ లోపల ఏ వెలుగు కనబడినా లెక్కలోకి తీసుకోకు.
4. మిగతా సమయంలో ఎల్‌డీఆర్ రీడింగ్ చూస్తూ, గత రెండు మూడు సెకన్ల సగటు ఉంచుకో. రీడింగ్ ఆ సగటు కన్నా ఒక్కసారిగా 12 పాయింట్లు పైకి లేస్తే పక్కన ఎవరో వెలిగినట్టు.
5. అలా కనబడితే, ఇప్పుడున్న లెక్కకు దానిలో పదో వంతు కలుపు. ఒక మెరుపుకు ఒక్కసారే.

ఐదో నియమంలో ఉంది కిటుకంతా. లెక్క 600 దగ్గర ఉన్నప్పుడు పక్కది వెలిగితే అది 660 అవుతుంది, పెద్ద తేడా లేదు. 1300 దగ్గర ఉంటే 1430కి దూకుతుంది. 1400 దగ్గర ఉంటే 1540, అంటే గడువు దాటిపోయింది కాబట్టి వెంటనే వెలుగుతుంది. వెలగడానికి ఎంత దగ్గర పడితే దూకుడు అంత పెద్దదన్నమాట. ఎప్పుడు చూసినా ఒకే మోతాదు కలిపేలా రాస్తే ఈ పద్ధతి సరిగ్గా కలపలేదు.

పదో వంతే ఎందుకంటే, ఏటీటైనీ లోపలి గడియారం అంత కచ్చితమైనది కాదు. ఫ్యాక్టరీ లెక్కలోనే 10 శాతం దాకా తేడాకు చోటుంది, చేతికొచ్చే చిప్పుల్లో సాధారణంగా అంతకన్నా తక్కువే ఉంటుంది. దూకుడు ఈ తేడాకు తగ్గట్టు లేకపోతే నిదానంగా నడిచే చిప్ ఎప్పటికీ గుంపును అందుకోలేదు. ఇంజనీర్లు క్రిస్టల్ పెట్టి ఈ తేడాను సరిచేయమంటారు. పెట్టొద్దు. అన్నీ ఒకే అచ్చులో పోసినట్టుంటే కలవడంలో గొప్పేముంది? పురుగుల్లోనూ ఏ రెండూ ఒకేలా ఉండవు.

నాలుగో నియమంలో ఒక చిన్న గుంట ఉంది. సొంత ఎల్‌ఈడీ వెలుగుతున్నప్పుడు, కన్ను మూసుకున్న ఆ 400 మిల్లీసెకన్లూ, సగటును మార్చకుండా వదిలేయాలి. లేకపోతే సొంత వెలుగు సగటులో కలిసి, పక్కవాటి వెలుగు చిన్నదైపోతుంది.

ఇంకొకటి, మన కరెంటు సంగతి తెలిసిందే కదా. కరెంటు పోయి వస్తే యూనిట్లన్నీ ఒకే క్షణంలో సున్నా నుంచి మొదలవుతాయి. అంటే కలవకుండానే కలిసినట్టు కనబడతాయి. చూసేవాళ్లకు అది మళ్లీ సీరియల్ సెట్టే. కాబట్టి ప్రోగ్రామ్ ఎక్కించేటప్పుడు ప్రతి చిప్‌కూ ఒక వేరే మొదటి అంకె ఇవ్వండి. ఒకటి 130 నుంచి మొదలైతే ఇంకొకటి 910 నుంచి. ఆ అంకెను బోర్డు మీద మార్కర్‌తో రాసిపెట్టుకోండి.

మూడు, తొమ్మిది, ఆ తర్వాతే యాభై

ముందు మూడు యూనిట్లు చేసి టేబుల్ మీద జానెడు దూరంలో పెట్టండి. ఒక నిమిషంలోపు కలవకపోతే నాలుగోది చేయకండి. మూడింటిలో ఒకదాన్ని అరచేత్తో కప్పి కాసేపుంచితే అది తన దారిన తాను జరిగిపోవాలి, చెయ్యి తీస్తే మళ్లీ గుంపులోకి రావాలి. ఈ పరీక్ష నెగ్గితే తొమ్మిది చేసి మూడు వరసలుగా పెట్టండి. ఇక్కడ కొత్త సంగతి ఒకటి కనబడుతుంది. ఎల్‌డీఆర్ కొంచెం ఆలస్యంగా స్పందిస్తుంది కాబట్టి మెరుపు ఒక చివర మొదలై ఇంకో చివరకు చిన్న అలలా పోతుంది. దాన్ని తప్పనుకుని సరిచేయడానికి కూర్చోవద్దు. అదే దీని అందం.

కొంతమంది ఈ దశలోనే ఆపేసి, తొమ్మిదింటినే ఒక చిన్న అల్మారాలో పెట్టి చూపిస్తారు. తప్పేం లేదు. యాభై వేలాడదీసి సగం పనిచేయకపోవడం కన్నా అదే నయం.

వేలాడదీయడం

స్టార్లింగ్ పిట్టల గుంపులు రోమ్ నగరం మీద ఎగురుతుంటే ఫొటోలు తీసి ఇటలీ శాస్త్రవేత్తలు 2008లో ఒక సంగతి తేల్చారు. మన గోరింకల బంధువులైన ఈ పిట్టల్లో ప్రతిదీ తన చుట్టూ ఇంత దూరంలో ఉన్నవాటిని అని కాకుండా, దగ్గర్లోని ఆరేడింటిని మాత్రమే పట్టించుకుంటుంది. మనం పాటించాల్సిన కొలతా ఇంచుమించు అదే. ఒక్కో యూనిట్‌కు నాలుగు నుంచి ఏడు పొరుగు యూనిట్లు కనబడేలా వేలాడదీయండి. గదిలో ప్రతిదానికీ ప్రతిదీ కనబడితే రెండు క్షణాల్లో అంతా కలిసిపోతుంది, చూడ్డానికేమీ మిగలదు. రెండే కనబడితే మూలకొక ముఠా తయారవుతుంది.

పైకప్పుకు వెల్డ్ మెష్ షీటు కట్టి, దాని గళ్ల నుంచి నైలాన్ దారంతో యూనిట్లు దించండి. 30 సెంటీమీటర్ల ఎడంతో మొదలుపెట్టి, మీ ఎల్‌ఈడీ వెలుగును బట్టి పెంచుకోండి. అన్నీ ఒకే ఎత్తులో వద్దు. కళ్ల ఎత్తులో ఎక్కువ, మోకాళ్ల ఎత్తులో కొన్ని, తల మీద కొన్ని. కరెంటుకు మెష్ మీదుగా ఒక మందపాటి వైరు పరిచి, ఒక్కో యూనిట్‌కు సన్నని జంట వైరు దించండి. ఒక్కోటి 20 మిల్లీ ఆంపియర్ల చొప్పున యాభై ఒకేసారి వెలిగినా ఒక ఆంపియరే. 3 ఆంపియర్ల సప్లయ్ బోలెడు. సన్న వైరు మీదే అన్నింటినీ గొలుసుగా వేస్తే చివరివాటికి వోల్టేజీ చాలక మసగ్గా వెలుగుతాయి, మసగ్గా వెలిగేవి ఎవరికీ కనబడవు.

ఎస్‌ఎంపీఎస్‌ను చేతికందని చోట, గాలి తగిలేలా పెట్టి, 230 వోల్టుల వైపు కనెక్షన్ ఎలక్ట్రీషియన్‌తో చేయించండి.

గోడలకు అద్దాలు పెడదామని ఎవరో ఒకరు అంటారు. జపాన్ కళాకారిణి యాయోయ్ కుసామా 2002లో అద్దాల గదిలో, నీళ్ల మీద 150 దీపాలతో చేసిన 'ఫైర్‌ఫ్లైస్ ఆన్ ది వాటర్' చూసినవాళ్లకు ఆ కోరిక సహజం. కానీ ఆమె దీపాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవు, మనవి మాట్లాడుకుంటాయి. అద్దంలో కనబడే ప్రతిబింబాన్ని కూడా ఎల్‌డీఆర్ పొరుగుదనే అనుకుంటుంది. పెడితే ఒక్క గోడకు పెట్టి, తేడా ఎలా ఉందో చూడండి.

కదిలే గుంపు మీద మనసు పడితే అది వేరే ప్రాజెక్టు. కంప్యూటర్ గ్రాఫిక్స్ నిపుణుడు క్రెయిగ్ రేనాల్డ్స్ 1987లో చెప్పిన మూడు నియమాలతో, అంటే ఢీకొనకు, పక్కవాళ్ల దిశలో సాగు, గుంపుకు దగ్గరగా ఉండు, తెర మీద పిట్టల గుంపును ఒక్క సాయంత్రంలో చేసుకోవచ్చు. గాల్లోకి తెస్తే ఖర్చు ఆకాశమే. స్టూడియో డ్రిఫ్ట్ అనే డచ్ కళాకారుల జట్టు 2017లో మయామీ బీచ్‌లో స్టార్లింగ్‌ల లెక్కన ఎగరేసిన డ్రోన్లు 300. మొదటి పనికి వేలాడే దీపాలే చాలు.

గది

కటిక చీకటి అక్కర్లేదు, మనుషులు ఒకరినొకరు గుద్దుకోకుండా నడిచేంత వెలుగు ఉండొచ్చు. అది కదలని, మారని వెలుగైతే చాలు. ఫ్యాన్లు ఆపేయండి. యూనిట్లు గిర్రున తిరిగితే పొరుగులు మారిపోతుంటాయి. తలుపు తీసినప్పుడల్లా బయటి వెలుగు లోపలికి దూకకుండా రెండు నల్ల కర్టెన్లు, మధ్య నాలుగడుగుల ఖాళీతో కట్టండి.

గదిలో ఒక మామూలు లైటు మీ చేతిలో ఉంచుకోండి. కొత్త బ్యాచ్ వచ్చినప్పుడు దాన్ని ఒక నిమిషం వెలిగించండి. ఆ వెలుగులో యూనిట్లకు ఒకదాని మెరుపు ఇంకొకదానికి కనబడదు. గడియారాల వేగాల్లో 5 శాతం తేడా ఉంటే ఇరవై మెరుపుల్లో, అంటే అర నిమిషంలో, ఒక దీపం ఇంకోదాని కన్నా ఒక పూర్తి చుట్టు వెనకబడుతుంది. లైటు ఆర్పగానే గందరగోళం సిద్ధం, ఆట మళ్లీ మొదలు. కళాకారుడి చేతిలో ఉండే ఒకే ఒక్క కంట్రోల్ ఇది, అదీ గది లైటు స్విచ్.

కలవడానికి ఎంతసేపు పట్టాలి? నా మట్టుకు నాకు రెండు మూడు నిమిషాలు సరైనది. పది సెకన్లలో కలిస్తే చూసేవాళ్లకు ఏం జరిగిందో తెలియదు. పది నిమిషాలంటే సెల్ఫోన్ తీస్తారు. దూకుడును పదో వంతు నుంచి కొంచెం అటూ ఇటూ మార్చి, ఎడం పెంచి తగ్గించి ఆ సమయాన్ని పట్టుకోవాలి. దీనికి ఫార్ములా లేదు, గదిలో నేల మీద పడుకుని చూడ్డమే.

తేడా కొడితే

అన్నీ ఆగకుండా టకటకా వెలుగుతుంటే, ఒకదాని మెరుపు ఇంకొకదాన్ని, అది తిరిగి మొదటిదాన్ని రెచ్చగొడుతోందన్నమాట. కన్ను మూసుకునే సమయం చాలలేదు, 400ను 500 చేయండి. అలాగని 750 దాటించొద్దు. గడువులో సగానికి మించి కన్ను మూసుకుంటే గది రెండు వర్గాలుగా చీలి, ఒకటి వెలిగినప్పుడు రెండోది కళ్లు మూసుకుని కూర్చుంటుంది. ఇక ఎప్పటికీ రాజీ కుదరదు.

ఒక్క యూనిట్ మాత్రం ఎవరి మాటా వినకపోతే ముందు దాని 7వ పిన్ సోల్డరింగ్ చూడండి. తర్వాత 330, 10కే రెసిస్టర్లు అటూ ఇటూ మారాయేమో చూడండి. దాని చిప్ మరీ వేగంగా నడుస్తుంటే గుంపంతా దాని వెంట పరిగెడుతుంది. ఈ నియమంలో ముందుకు దూకడమే తప్ప వెనక్కి తగ్గడం లేదు కాబట్టి, వేగం నిర్ణయించేది అందరికన్నా తొందరపడేదే. నాయకుడు వద్దనుకున్నాం గదా అని చిరాకు పడొద్దు. దాన్ని తీసేస్తే ఆ పని ఇంకోటి చేస్తుంది, ఎవరూ గమనించరు.

అసలేదీ కలవకపోతే పాయింట్లు 12 నుంచి 8కి తగ్గించండి. ఊరికే ఉలిక్కిపడుతుంటే 20కి పెంచండి.

జనం వచ్చాక

'ఫ్లాష్ వాడొద్దు' అని బోర్డు పెట్టినా ఒకరైనా వాడతారు. ఒక్క ఫ్లాష్‌కు గదిలోని దీపాలన్నీ ఒకేసారి ఉలిక్కిపడి ముందుకు దూకుతాయి. కొంపలేమీ మునగవు, మళ్లీ సర్దుకుంటాయి. నేనైతే ఆ బోర్డు పెట్టను. దాని బదులు గుమ్మం దగ్గర బ్యాటరీతో నడిచే రెండు యూనిట్లు ఉంచి, వచ్చినవాళ్ల చేతికిస్తాను. చేతిలోది మొదట ఒంటరిగా వెలుగుతుంటుంది. గుంపు మధ్యకు తీసుకెళ్తే కాసేపటికి వాటితో కలుస్తుంది. గుప్పిట మూస్తే విడిపోతుంది. చిన్నపిల్లలకు ఏ వివరణా అక్కర్లేకుండా అర్థమవుతుంది. పెద్దవాళ్లు వైరు ఎక్కడుందని వెతుకుతారు.

గోడ మీది లేబుల్‌లో పేరు, సామాను, ఏడాది, అంతే రాయండి. "ఐకమత్యమే బలం" లాంటివి వద్దు. అడిగినవాళ్లకు నియమం చెప్పండి.

నిజమైన మిణుగురుల్ని సీసాల్లో పట్టి తెద్దామని ఎవరైనా సలహా ఇస్తే ఒప్పుకోవద్దు. అలాగే ఈ దీపాల్ని మిణుగురులు తిరిగే తోటల్లో, తొలకరి రోజుల్లో ఆరుబయట కట్టొద్దు. అవి వెలిగేది జోడు కోసం. మన ఎల్‌ఈడీలు మధ్యలో దూరితే వాటి సంభాషణ చెడుతుంది. రాత్రిపూట కరెంటు దీపాల వల్ల వాటికి ఉన్న కష్టాలు చాలు.

షో రోజుల్లో ఐదారు స్పేర్ యూనిట్లు, ప్రోగ్రామ్ ఎక్కించిన స్పేర్ చిప్పులు, ఒక మల్టీమీటర్, ఒక చిన్న నిచ్చెన గది బయట ఉంచుకోండి. రోజూ తలుపులు తెరిచే ముందు మెష్ కింద ఒకసారి నడిచి, వెలగనివాటి నంబర్లు రాసుకుని మార్చండి. విప్పేటప్పుడు దారాలు కత్తిరించకుండా, యూనిట్‌కు చుట్టి ఒక్కోదాన్ని కాగితంలో పెట్టి సర్దండి. ఎల్‌డీఆర్ కాళ్లు వంగితే తర్వాతి ఊళ్లో మళ్లీ మల్టీమీటర్ పట్టుకుని మొదటి నుంచీ కూర్చోవాలి.